తూకానికి పోయిన బోర్డు

(విజయవాడ స్టూడియో. చర్చలో ఒక ఆర్కిటెక్ట్, వన్‌టౌన్ వ్యాపారి, కమ్మరి మేస్త్రి)

యాంకర్: ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో గెట్రైడెగాస్సె అని ఒక ఇరుకు వీధి. సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఇల్లు అక్కడే. దుకాణాల ముందు వేలాడే చేత ఇనుము గుర్తులకీ, అంటే కొలిమిలో కాల్చి కొట్టి మలిచిన బోర్డులకీ, అంతే పేరు. వాటికి అంత విలువ ఎందుకు మేడమ్?

ఆర్కిటెక్ట్: అవి అందం కోసం పుట్టినవి కావండీ. ఎక్కువమందికి చదువు రాని రోజులు. తాళాలు చేసేవాడు తాళంచెవి, చెప్పులు కుట్టేవాడు బూటు వేలాడదీసేవాడు. వీధి సన్నం కాబట్టి గోడకు బిగించకుండా బయటికి పొడుచుకొచ్చేలా పెట్టారు. మన శివాలయం వీధిలో నడిచేవాళ్లకి చెప్పక్కర్లేదు, తలెత్తితే తప్ప బోర్డు కనపడదు.

వ్యాపారి: మా తాతగారి షాపుకీ అలాంటిదే ఉండేదండీ. మెలితిప్పిన ఇనప కడ్డీ, చివర తామరమొగ్గ, దానికి రేకు బోర్డు. మొగ్గకి ఆరు రేకులు. చిన్నప్పుడు లెక్కపెట్టేవాణ్ని.

యాంకర్: ఇప్పుడేదీ?

వ్యాపారి: పాత ఇనప సామానువాడికి తూకానికి వేసేశాం. ఫ్లెక్సీ కట్టాం. తప్పే.

మేస్త్రి: ఆ మొగ్గ ఇప్పుడు చెయ్యమంటే ఎవరు చేస్తారు బాబూ? అందరిదీ ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్డు, వెల్డింగు. చేత ఇనుములో కార్బన్ బాగా తక్కువ, చిట్టెం, అంటే ఇనుము మడ్డి, లోపల పోగులు పోగులుగా ఉంటుంది. కొలిమిలో కాల్చి దాగలి మీద కొడితే చెప్పిన మాట వింటుంది. అతుకు దగ్గర కూడా రివెట్టే, వెల్డింగు మచ్చ ఉండదు.

యాంకర్: చట్టం ఏమైనా కాపాడుతుందా?

ఆర్కిటెక్ట్: 1972 నాటి పురావస్తువుల చట్టానికి వస్తువు కనీసం 100 ఏళ్లది కావాలి. మీ తాతగారి బోర్డు 70 ఏళ్లదైతే అది వట్టి ఇనుమే. సాల్జ్‌బర్గ్‌లో ఒక్కొక్క బోర్డుకీ వయసు లెక్కగట్టి కూర్చోలేదు. 1967లోనే పాత ఊరు మొత్తానికి చట్టం తెచ్చారు. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ కూడా ఆ వీధిలో తన ఎం అక్షరాన్ని ఇనప చట్రంలోనే వేలాడదీసింది. నా దృష్టిలో అసలు సంగతి అదే, కొత్తగా వచ్చినవాడికీ రూల్ ఉండాలి.

వ్యాపారి: రూల్ పెడితే ఖర్చు మా నెత్తిన పడుతుంది కదండీ. గాలివానకి ఊడి ఎవరి మీదైనా పడితే?

ఆర్కిటెక్ట్: ఆ భయం పాతదే. 1760లలో లండన్, పారిస్‌లో వేలాడే బోర్డులు తీసేసి గోడకే బిగించమన్నారు.

మేస్త్రి: బిగింపు సరిగ్గా ఉంటే పడదు. మీ గోడకి పాత కొక్కేలున్నాయా?

వ్యాపారి: రెండున్నాయి, ఫ్లెక్సీ వెనకాల. ఒకదానికి సీసీ కెమెరా వైరు చుట్టాం.

మేస్త్రి: తియ్యకండి. ఆదివారం వచ్చి చూస్తా.