సారె పెట్టె తాళం: చైనా స్త్రీల చరిత్రలో ఆస్తి కథ

సభకు నమస్కారం.

చైనా స్త్రీల చరిత్ర అనగానే అందరికీ ముందుగా గుర్తొచ్చేది కట్టుగుడ్డలతో బిగించిన పాదాలే. అయిదారేళ్ల పసిపిల్ల కాలివేళ్లను అరికాలి కిందికి మడిచి కట్టిన ఆ ఆచారం గురించి మీరు చదివే ఉంటారు. ఆ బాధను నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే ఈ సాయంత్రం మీ దృష్టిని మరో వస్తువు వైపు తిప్పాలని ఉంది. అది పుట్టింటి నుంచి పెళ్లికూతురి వెంట వచ్చే సారె పెట్టె. దాని తాళం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే అక్కడి ఆడవాళ్ల బతుకులు మారుతూ వచ్చాయని నేను గట్టిగా నమ్ముతాను.

సోంగ్ వంశ పాలన (960–1279)తో మొదలుపెడతాను. ఆ రోజుల్లో కోడలు తెచ్చుకున్న పొలం, నగలు, పట్టుతానులు అత్తింటి ఉమ్మడి ఆస్తిలో కలిసేవి కావు. అన్నదమ్ములు వేరుపడి వాటాలు వేసుకునేటప్పుడు భార్యల సారెను లెక్కలోకి తీసుకోకూడదని చట్టమే చెప్పింది. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె తన సొత్తును వెంట తీసుకుపోగలిగేది. ఆకలితో చావడం చిన్న విషయం, శీలం పోగొట్టుకోవడం పెద్ద విషయం అని వితంతువుల గురించి చెప్పిన చెంగ్ యీ అనే తత్వవేత్త కూడా ఆ కాలపువాడే. ఆ మాటను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వితంతువైన బంధువుల అమ్మాయికి తన తండ్రి మళ్లీ పెళ్లి చేయించాడని ఆయనే మెచ్చుకుంటూ రాశాడు.

ఆ కాలంలోనే లి చింగ్‌జావ్ ఉంది. చైనా కవయిత్రులలో ఆమెకు సాటి రాగలవాళ్లు లేరంటారు. 1084లో పుట్టింది. భర్త జావ్ మింగ్‌చెంగ్‌తో కలిసి పాత పుస్తకాలు, కంచు పాత్రలు, శాసనాల నకళ్లు సేకరించేది. భోజనాలయ్యాక ఇద్దరూ తేనీరు కాచుకుని ఒక ఆట ఆడేవారు. ఫలానా విషయం ఏ పుస్తకంలో, ఏ పుటలో, ఎన్నో వరుసలో ఉందో చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్లు ముందు తాగాలి. గెలిచిన సంబరంలో నవ్వు ఆపుకోలేక గిన్నెలోని తేనీరు ఒళ్లో ఒలకబోసుకునేవాళ్లమని ఆమె రాసుకుంది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఒక ఇంట్లో భార్యాభర్తలు సమానంగా కూర్చుని నవ్వుకున్న దృశ్యం అది. చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది.

1127లో ఉత్తరాది నుంచి వచ్చిన జుర్చెన్లు రాజధాని కైఫెంగ్‌ను పట్టుకున్నారు. దంపతులు దక్షిణానికి పారిపోయారు. 1129లో భర్త చనిపోయాడు. మిగిలిన సేకరణను మోసుకుంటూ ఊరూరా తిరిగిన ఆమె, దానిలో చాలా భాగాన్ని దొంగల పాలు, మంటల పాలు చేసుకుంది. 1132లో జాంగ్ రూజౌ అనే చిన్న అధికారిని పెళ్లాడింది. అతని కన్ను ఆమె దగ్గర మిగిలిన వస్తువుల మీదే ఉంది. అవి చేతికి చిక్కకపోయేసరికి కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె ఊరుకోలేదు. అతను ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ఎన్నిసార్లు కూర్చున్నాడో తప్పుడు లెక్క చూపి ఉద్యోగం సంపాదించాడని ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. భార్య భర్త మీద నేరం మోపితే, అది నిజమే అయినా ఆమెకు రెండేళ్ల శిక్ష అని ఆనాటి చట్టం. అది తెలిసే చేసింది. విడాకులు దొరికాయి, అతన్ని దూరప్రాంతానికి పంపేశారు. ఆమె తొమ్మిది రోజులు జైల్లో ఉంది. బంధువైన ఒక ఉన్నతాధికారి పూనుకోవడంతో బయటపడింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. మింగ్ (1368–1644), చింగ్ (1644–1912) వంశాల కాలపు పండితులు కొందరు అసలీ రెండో పెళ్లి జరగనే లేదని వాదించారు. తన పెళ్లి సంగతి చెప్పుకుంటూ, తనను విడిపించిన ఆ అధికారికి ఆమె రాసిన ఉత్తరాన్ని శత్రువుల కల్పన అన్నారు. అంతటి కవయిత్రి మారుమనువు చేసుకుందంటే వాళ్లకు మింగుడుపడలేదు. ఆమె జీవించినప్పుడు సాధారణమైన విషయం, వాళ్ల నాటికి నోట పలకరానిది ఎలా అయింది?

సమాధానం చట్టంలో ఉంది. మంగోలులు ఉత్తర చైనాను జయించాక, చనిపోయినవాడి భార్యను అతని తమ్ముడు చేపట్టే తమ ఆచారాన్ని 1271లో చైనీయులకూ వర్తింపజేశారు. జీవితాంతం వితంతువుగానే ఉంటానని ప్రతిజ్ఞ చేసిన స్త్రీకి కొన్నేళ్లకే దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే మొదట్లో ఆ ప్రతిజ్ఞ ఆమెకు ఒక రక్షణ. 1303లో వచ్చిన ఉత్తర్వు అసలు దెబ్బ కొట్టింది: మళ్లీ పెళ్లి చేసుకునే వితంతువు తన సారెను కూడా అత్తింట్లోనే వదిలి వెళ్లాలి. మింగ్ రాజులు దాన్నే తమ చట్టంలో చేర్చారు. పైగా 1368లో, ముప్పై ఏళ్లలోపు భర్తను పోగొట్టుకుని యాభై దాటేదాకా మారుమనువు చేసుకోని స్త్రీని సన్మానిస్తామని, ఆ ఇంటికి వెట్టిచాకిరీ మాఫీ చేస్తామని ప్రకటించారు. చింగ్ ప్రభుత్వం ఆమె పేరిట రాతి తోరణం కట్టుకోవడానికి ముప్పై తాయెల్‌ల (కిలోకు కాస్త పైగా) వెండి ఇచ్చేది. ఆన్హుయి రాష్ట్రంలోని తాంగ్యుయె గ్రామంలో వరుసగా నిలిచిన ఏడు తోరణాల్లో రెండు ఇలాంటి వితంతువులవే. యాత్రికులు వాటి ముందు ఫొటోలు దిగుతుంటారు. చూడటానికి నిజంగానే అందమైన కట్టడాలు. కానీ వెళ్లిపోతే సొత్తు పోతుంది, పిల్లలు దూరమవుతారు. ఉండిపోతే ఇంటికి పేరు, పన్నుల భారం నుంచి ఊరట. ఇలాంటి లెక్కలో ఆమె ఇష్టానికి చోటెక్కడిది? దాన్ని శీలమని పొగడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు దక్షిణాన ముత్యాల నది ముఖద్వారానికి వెళ్దాం. 1870లలో నాన్‌హై ప్రాంతంలో చెన్ చీయువాన్ అనే వ్యాపారి ఆవిరితో నడిచే పట్టుదారం మిల్లు పెట్టాడు. పొరుగునున్న షుందె చుట్టుపక్కల అలాంటివి వేగంగా పుట్టుకొచ్చాయి. మరిగే నీళ్లలో తేలుతున్న పట్టుగూళ్ల నుంచి కంటికి ఆనీ ఆనని పోగు కొనను వెతికి పట్టి, కొన్ని గూళ్ల పోగులను కలిపి ఒక్క దారంగా లాగాలి. అది ఆడపిల్లల వేళ్లకే పట్టుబడే పని అని యజమానులు నమ్మారు. కూలి డబ్బులు మొదటిసారి ఆ పిల్లల చేతికొచ్చాయి. వాళ్లలో వేలమంది పెళ్లే వద్దన్నారు. పెళ్లికూతురికి పెద్దలు వేసే కొప్పును, దేవుడి ముందు నిలబడి తామే వేసుకుని జీవితాంతం పెళ్లి చేసుకోమని ప్రమాణం చేసేవారు. బంధువులకు విందు ఇచ్చేవారు. పెళ్లయిన కొందరు కూడా కాపురానికి వెళ్లకుండా, భర్త మరో స్త్రీని తెచ్చుకోవడానికి తమ సంపాదనే పంపి విడిగా ఉండిపోయేవారు.

ఇక్కడా ఒక చిక్కు ఉంది. పెళ్లికాని కూతురు పుట్టింట్లో ప్రాణం విడవకూడదని అక్కడి నమ్మకం. అందుకని ఈ స్త్రీలు చందాలు వేసుకుని ఇళ్లు కొన్నారు. ముసలితనంలో ఒకరికొకరు సేవ చేసుకున్నారు. 1930లలో పట్టు ధరలు కుప్పకూలి మిల్లులు మూతపడితే చాలామంది సింగపూరు, హాంకాంగ్ వెళ్లి తెల్ల చొక్కా, నల్ల పైజామా వేసుకుని ఇళ్లలో పనికి కుదిరారు. ఇంటికి డబ్బు పంపారు, తమ్ముళ్ల పిల్లలను చదివించారు. సింగపూరులో కూడబెట్టిన సొమ్ముతో షుందెలోని జునాన్‌లో తమ కోసం వాళ్లు కట్టించుకున్న బింగ్ యూ తాంగ్ భవనం ఈనాటికీ ఉంది.

1950 మే 1న అమలులోకి వచ్చిన వివాహ చట్టం ఉంపుడుగత్తెల వ్యవస్థను, బాల్య సంబంధాలను నిషేధించింది. వితంతువుల పెళ్లికి ఎవరూ అడ్డుపడకూడదంది. కుటుంబ ఆస్తిలో భార్యాభర్తలకు సమాన హక్కులు ఇచ్చింది. అది చాలా గొప్ప అడుగు.

కానీ పెట్టె తాళం గొడవ తీరిపోలేదు. ఇప్పుడు ఆ పెట్టె స్థానంలో ఫ్లాటు వచ్చింది. చాలా చోట్ల ఇల్లు పెళ్లికొడుకు వైపువాళ్లు, సామాను, కారు పెళ్లికూతురి వైపువాళ్లు సమకూర్చడం రివాజు. 2011 ఆగస్టులో అక్కడి సుప్రీం కోర్టు ఒక వివరణ ఇచ్చింది: పెళ్లయ్యాక తల్లిదండ్రులు కొని తమ బిడ్డ పేరిట రిజిస్టరు చేయించిన ఇల్లు ఆ బిడ్డ ఒక్కరికే చెందుతుందని. 2021లో రద్దయ్యేదాకా ఆ వివరణ అమలులో ఉంది. దాని ప్రకారం విడిపోతే భర్తకు ఇల్లు, భార్యకు పాతబడ్డ సామాను మిగిలేవి. 2011లో ఆ వార్త రాగానే నగరాల్లో భార్యలు ఇంటి పత్రాల్లో తమ పేరు కూడా రాయించమని పట్టుబట్టారు. పేరు చేర్చినందుకు పన్ను కట్టాలని కొన్ని నగరాల అధికారులు అన్నారు. జనం మండిపడ్డారు. భార్యాభర్తల మధ్య పేరు మార్పుకు ఆ పన్ను ఉండదని ఆర్థిక శాఖ కొద్ది రోజుల్లోనే ప్రకటించాల్సి వచ్చింది.