గెస్ట్ సున్నా రాస్తే హోస్ట్ పడిపోవాలా?

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే మాదాపూర్ దాకా వచ్చారు, సంతోషం.

నేను పనిచేసిన ఒకచోట అర్ధరాత్రి ఒక సర్వర్ పడిపోయింది. దాని మీద నడుస్తున్న వర్చువల్ మెషీన్లన్నీ ఒక్కసారే పోయాయి. ఆ సర్వర్ హోస్ట్, దాని మీద నడిచే ఒక్కో వర్చువల్ మెషీన్ గెస్ట్. తెల్లారేదాకా వెతికితే టైమర్ కోడ్‌లో ఒక్క లైన్ దొరికింది: కౌంట్ సున్నా అయితే అసర్షన్ (ఇది ఎప్పుడూ నిజమే అయ్యుండాలనే చెక్) ఫెయిల్, కెర్నెల్, అంటే హోస్ట్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఆగిపోవాలి. అది రాసింది నేనే. సున్నా రావడం అసాధ్యమని గట్టిగా నమ్మాను.

8254 టైమర్ చిప్ సంగతి చూడండి. ఆ చిప్ ఉన్నట్టు గెస్ట్‌కు చూపించేది హోస్ట్‌లోని కోడే. గెస్ట్ అందులో 16 బిట్ల సంఖ్య రాస్తుంది, అది తగ్గుతూ పోయి అయిపోగానే ఇంటరప్ట్, అంటే ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్, వస్తుంది. సున్నా రాస్తే మాత్రం ఆ చిప్ దాన్ని 65,536గా తీసుకుంటుంది! క్లాక్ సెకనుకు సుమారు 11,93,182 టిక్కులు. భాగించి చూడండి, సెకనుకు 18.2 సార్లు ఇంటరప్ట్. పాత డాస్ మెషీన్లలో గడియారం నడిచింది ఈ లెక్క మీదే. నేను అసాధ్యమనుకున్నది ఎప్పటినుంచో మామూలుగా వాడుతున్న విలువ.

అసర్షన్ లేకపోయినా ప్రమాదం ఉంటుంది. 2013లో కేవీఎమ్‌లో, అంటే లినక్స్ కెర్నెల్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే భాగంలో, ఒక లోపం బయటపడింది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2013-6367. లోకల్ ఏపిక్ (ప్రతి ప్రాసెసర్ కోర్‌కూ ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్) టైమర్‌లో ఇంకా ఎంత కౌంట్ మిగిలిందో లెక్కగట్టే చోట, గెస్ట్ ఇచ్చిన విలువ వల్ల సున్నాతో భాగహారం జరిగి హోస్టే క్రాష్ అయ్యేది. అద్దెకున్నవాడు ఒక స్విచ్ వేస్తే బిల్డింగ్ మొత్తం చీకటైనట్టు.

అందుకే గెస్ట్ రాయగలిగిన ఏ విలువ మీదా హోస్ట్‌ను ఆపేసే అసర్షన్ పెట్టకండి. అసలు హార్డ్‌వేర్ ఏం చేస్తుందో అదే చేయండి, కుదరకపోతే ఒక హద్దు పెట్టండి. గెస్ట్ మరీ చిన్న పీరియడ్ అడిగితే కేవీఎమ్ మామూలుగా దాన్ని 200 మైక్రోసెకన్లకు పెంచి, లాగ్‌లో ఒక ముక్క రాసి ముందుకు పోతుంది.

ఆపేసిన టైమర్‌కు కాల్‌బ్యాక్ (టైమర్ మోగినప్పుడు నడిచే ఫంక్షన్) వచ్చిందనుకోండి, అది మన బగ్. అక్కడ వార్నింగ్ ఇవ్వండి, కానీ ఒక్కసారే. టైమర్ సెకనుకు వేలసార్లు మోగుతుంది, ప్రతిసారీ స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ దాన్ని పిలిచిందో చూపే జాబితా) రాస్తే లాగ్ నిండిపోయి హోస్ట్ కుంటుతుంది. పైగా కొందరు పానిక్-ఆన్-వార్న్, అంటే వార్నింగ్ వస్తే కెర్నెల్‌ను ఆపేసే సెట్టింగ్, పెట్టుకుంటారు. వాళ్ల దగ్గర మీ వార్నింగే మెషీన్‌ను పడేస్తుంది. కాబట్టి ఆ వార్నింగ్ కూడా గెస్ట్ చేతికి అందకూడదు.

మరి ఇక నడిపితే డేటా పాడవుతుందనిపిస్తే? అప్పుడు ఆపాల్సిందే, అయితే ఆ ఒక్క వర్చువల్ మెషీన్‌నే. కేవీఎమ్‌లో KVM_BUG_ON అనే చెక్ చేసేది అదే: ఆ గెస్ట్‌ను చెడిపోయినట్టు గుర్తు పెట్టి, ఇక నడవనివ్వదు. మిగతావి నడుస్తూనే ఉంటాయి.

నా లైన్ తీసేసి, సున్నా వస్తే 65,536 అని రాశాను. దానితోపాటు 0, 1, 65,535 రాసి చూసే టెస్ట్ ఒకటి చేర్చాను. ఆ ప్యాచ్ స్క్రీన్ మీద పెడుతున్నాను, లైన్ లైన్‌గా చూద్దాం.