సుంకం ఎవరి జేబులోంచి పోతాది

అందరికీ నమస్కారం. ఇందాక బయట టీ తాగతా ఉంటే ఒక పెద్దాయన నన్ను ఆపి, ఏం నాయనా, అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినాడంట గదా, ఆ దుడ్డు మనం కట్టాల్నా అని అడిగినాడు. నేను ఏవేవో కాగితాల్లో రాసుకొచ్చినా గానీ అవి పక్కన పెట్టేసి ఆయన అడిగిన దాని గురించే మాట్లాడతా.

సుంకం, అంటే సరుకు మీద వేసే పన్ను, మనకు కొత్త మాట కాదు. సుంకరి అని ఇంటిపేరు ఉన్నోళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఒకప్పుడు సుంకం వసూలు చేసే పని వాళ్లది. గేటు దగ్గర సరుకు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కట్టాల, ఇప్పుడూ అంతే. అమెరికా పోర్టులో కంటైనర్ దిగితే దాన్ని తెప్పించుకున్న అక్కడి కంపెనీనే వాళ్ల కస్టమ్స్‌కి కడతాది. మనమూ కట్టం, చైనా సరుకు మీద వేస్తే చైనా కూడా కట్టదు. అయితే కట్టినోడు ఊరికే ఉండడు గదా, రేటు పెంచి కొనేవాళ్ల మీద వేస్తాడు, లేదా తన లాభంలో కోసుకుంటాడు, లేదా సరుకు పంపినోడికి ఫోన్ చేసి ఇంత తగ్గిస్తేనే తీసుకుంటా అంటాడు. అసలు కథంతా ఈ మూడిట్లో ఎవరి వాటా ఎంత అనే దాంట్లోనే ఉంది.

కొనేవాళ్ల సంగతి ముందు చూద్దాం. 2018 జనవరిలో అమెరికా బయటి నుంచి వచ్చే వాషింగ్ మెషిన్ల మీద సుంకం వేసింది, మొదటి 12 లక్షల మెషిన్లకు 20 శాతం, ఆపైన వచ్చే వాటికి 50 శాతం. తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే మెషిన్ల రేటు సుమారు 12 శాతం పెరిగింది. నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇంకొకటి, బట్టలారబెట్టే డ్రైయర్ల మీద సుంకమే లేదు, అయినా వాటి రేటు కూడా దాదాపు అంతే పెరిగింది, ఎందుకంటే అక్కడ రెండూ జతగా కొంటారు కాబట్టి కంపెనీలు పెంపును రెండిటి మీదా సర్దేసినాయి. సుంకం పడని అమెరికా కంపెనీలు కూడా పోటీ తగ్గింది గదా అని రేటు పెంచుకున్నాయి. ఫ్యాక్టరీ ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే, సుమారు 1,800, కానీ ఒక్కో ఉద్యోగానికి కొనేవాళ్ల మీద పడిన భారం 8 లక్షల డాలర్ల పైనే అని తేలింది. ఆ మెషిన్ కొన్న ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ చెప్పరు, బిల్లులో సుంకం అని వేరే లైనూ ఉండదు, రేటు పెరిగిందని మాత్రమే తెలుస్తాది.

ఇంక సరుకు పంపేవాళ్ల వైపు రండి, ఇది మన దగ్గరి విషయం. 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 వేసినారు, తర్వాత ఆ రేట్లు మారినాయి గానీ ఆ కొన్ని నెలల్లో రొయ్యల రైతు పడిన పాటు చూస్తే మొత్తం అర్థమవుతాది. అప్పుడు మన రొయ్యలకు పెద్ద గిరాకీ అమెరికానే, 50 శాతం కాక యాంటీ డంపింగ్ (మరీ తక్కువ రేటుకి అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం) లాంటివి వేరే ఉండినాయి. అక్కడి కొనుగోలుదారుడు తగ్గించమంటాడు, ఇక్కడి ఎక్స్‌పోర్టర్ సరే అని వచ్చి గుంట దగ్గర కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే రేటు) కోస్తాడు. రైతు ఆగగలడా? రొయ్య పట్టుబడికి వచ్చినాక రోజూ మేత వేయాల, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరగతానే ఉండాల, కరెంటు బిల్లు ఎక్కతానే ఉంటాది, రోగం వస్తే గుంటకు గుంటే పోతాది. ఆగలేనోడి మీదికే భారం దిగతాది.

మన తోతాపురి మామిడి రైతులకు ఇది నేను విడమర్చి చెప్పే పనిలేదు. 2025 సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి లైన్లో నిలబడినాయి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం కిలోకి 12 అని చెప్పినా చేతికి వచ్చింది ఎంతో మీకే తెలుసు. మా నాయన కూడా ఆ లైన్లో రెండు రాత్రులు ట్రాక్టర్ కిందే పడుకున్నాడు, మూడో రోజుకి కింది వరస కాయ మెత్తబడి రసం కారతా ఉండింది. అది అమెరికా సుంకం వల్ల జరగలేదు, కాపు ఎక్కువ, పాత గుజ్జు అమ్ముడుపోక మిగిలింది, అబద్ధం చెప్పకూడదు. కానీ చేతిలో కుళ్లిపోయే సరుకు పెట్టుకున్నోడు బేరం ఆడలేడు, యాడ దెబ్బ తగిలినా చివరికి వాడి దగ్గరికే వస్తాది.

అట్లని సుంకమే వద్దని నేను అనను, ఈ జిల్లాలో ఉండి అనలేను. రేణిగుంట ఎయిర్‌పోర్టు పక్కన టీవీలు, ఫోన్ పార్టులు తయారవుతున్నాయంటే దాంట్లో సుంకం పాత్ర ఉంది. 2017 డిసెంబర్లో మన దేశం టీవీల మీద సుంకం 20 శాతానికి పెంచింది, ఫోన్ల మీద 10 ఉన్నది 15, రెండు నెలలకే 20. మా పిన్ని కూతురు ఆ పక్కనే ఒక టీవీ లైన్లో పని చేస్తాది, స్క్రూలు బిగించినాక ప్యానెల్ మీద గీత పడిందేమో లైటు కింద చూసేది ఆ పిల్ల పని, ఆ జీతంతోనే తమ్ముణ్ణి డిప్లొమా చదివిస్తా ఉంది. నాకు అది చిన్న విషయం కాదు.

కానీ ఆ ప్యానెల్, అంటే టీవీ తెర, ఎక్కడిది? ఓపెన్ సెల్ అంటారు దాన్ని, టీవీ ఖర్చులో సగానికి పైనే అదే, ఎక్కువగా బయటి నుంచే వస్తాది. 2020 అక్టోబర్లో దాని మీద కూడా 5 శాతం వేసేసరికి ఇక్కడ టీవీ చేసేవాళ్లకే ఖర్చు పెరిగింది. 2025 బడ్జెట్లో ఓపెన్ సెల్ తయారీకి కావాల్సిన పార్టుల మీద సుంకం ఎత్తేసినారు, అది మంచి పని. తయారైన వస్తువు మీద వేస్తే ఫ్యాక్టరీకి గొడుగు పట్టినట్టు, ముడి సరుకు మీద వేస్తే అదే ఫ్యాక్టరీ నెత్తిన బండ పెట్టినట్టు. అమెరికాలో 2018లో స్టీలు మీద 25 శాతం వేసినప్పుడూ ఇదే జరిగింది, స్టీలు చేసేవాళ్ల కంటే స్టీలు వాడే ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, వాషింగ్ మెషిన్ల సుంకం కోసం పోరాడిన వర్ల్‌పూల్ కంపెనీయే స్టీలు రేటు పెరిగిందని మొత్తుకుంది.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. 2025 ఏప్రిల్లో చైనా మీద అమెరికా సుంకం కొన్ని రోజుల్లోనే 145 శాతానికి పోయింది, చైనా 125 అనింది, మే నెలలో మళ్లీ 30కి, 10కి దిగినాయి. ఫ్యాక్టరీ పెట్టేవాడు పదేళ్ల లెక్క వేసుకోవాల, రేటేమో నెలనెలా మారతా ఉంటే ఎట్లా వేస్తాడు? నాకు తెలిసిన ఒకాయన ఏర్పేడు రోడ్డులో చిన్న షెడ్డులో ప్లాస్టిక్ పార్టులు పోస్తాడు, రెండో మోల్డింగ్ మెషిన్ కోసం కొటేషన్ తెప్పించుకున్నాడు, పెద్ద కంపెనీ ఆర్డరు ఖాయం చేస్తే కొందామని. వాళ్లు అమెరికా ఆర్డర్లు తేలనీ అంటా ఉన్నారు. పోయిన వారం కూడా పోయి చూసినా, ఆ కొటేషన్ టేబుల్ అద్దం కింద అట్లనే ఉంది, మెషిన్ పెట్టాల్సిన చోట సిమెంటు దిమ్మె కట్టి పెట్టుకున్నాడు, దాని మీద ఇప్పుడు ఖాళీ గోతాలు పెట్టుకుంటా ఉన్నాడు.

పెద్దాయనా, మైకు మీ దగ్గరికే పంపిస్తా, ఇంకా అడగాల్సింది ఉంటే అడగండి.