ఉద్యోగం వచ్చేదాకా సంతోషం ఆగాలా?

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా తెల్లారగట్ల రోడ్డు మీదకి వచ్చి చూడండి. ఆర్మీ సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. కాస్త పొద్దెక్కాక డీఎస్సీకో, గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగాలకో కోచింగుకి వెళ్లే అమ్మాయిలు కాంప్లెక్సులో బస్సు దిగుతుంటారు. వీళ్లందరూ సంతోషాన్ని ఒకే ఒక్క రోజుకి దాచిపెట్టుకున్నారు. రిజల్టు రోజుకి. ఆ రోజు ఎప్పుడొస్తుందో వాళ్ల చేతిలో లేదు. నోటిఫికేషన్ రావాలి, పరీక్ష జరగాలి, కేసులుంటే తేలాలి. ఈలోగా ఏ పెళ్లికెళ్లినా ఒకటే పలకరింపు: "ఏటి బాబూ, ఉద్యోగం ఏటయింది?"

ఇరవైల్లో ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి, ఒక్క రాత్రయినా "ఇవాళ బాగా గడిచింది" అనుకోకుండా పడుకుంటున్నారు. నాకది చాలా అన్యాయంగా కనిపిస్తుంది. ఇవాళ దాని గురించే మాట్లాడదామనుకున్నాను.

ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట తెలుసు కదా. కరణం మల్లీశ్వరి అక్కడే, పన్నెండేళ్ల వయసులో, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన తలపైకి లేపే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన జిల్లా ఆడపిల్ల. ఆవిడ పైనున్న ఇద్దరూ ఎత్తింది 242.5. స్వర్ణానికీ కాంస్యానికీ తేడా రెండున్నర కిలోలే! అప్పటి పోటీల్లో మామూలుగా బరువు పెంచే అతి చిన్న మెట్టు కూడా అదే.

మనం పతకం చూశాం. ఆ 240 వెనక ఉన్నవి బార్‌కి అటొకటి ఇటొకటి చేర్చుకుంటూ వచ్చిన చిన్న చిన్న ప్లేట్లు. విజయనగరం దగ్గర నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. బరువులెత్తే ఊరని దానికి పేరు. పతకాలు ఎక్కడైనా ఏ కొద్దిమందికో వస్తాయి. మరి మిగతా పిల్లలు రోజూ ఎందుకొస్తారు? నాకు తోచిన జవాబు ఇది: నిన్న లేవని బరువు ఇవాళ లేస్తుంది. ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, ఏ ఆఫీసూ ప్రకటించక్కర్లేదు. లేచిందా లేదా అన్నది చేతులకే తెలుస్తుంది.

దీన్ని పరిశోధనల్లోనూ చూశారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో తెరీసా అమాబిలే అనే ప్రొఫెసర్ ఏడు కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించారు. దాదాపు 12 వేల రోజుల రాతలు పోగయ్యాయి. మనసు బాగున్న రోజుల్ని ఏరి చూస్తే, వాటిలో 76 శాతం రోజుల్లో పని ఏదో కొంత ముందుకు కదిలి ఉంది. కొంతే, అంతకన్నా అక్కర్లేదు. అదే డైరీల్లో ఇంకో సంగతీ బయటపడింది. పని వెనక్కి పోయిన రోజు తగిలే దెబ్బ, ముందుకెళ్లిన రోజు కలిగే ఆనందం కన్నా గట్టిది. మాక్ టెస్టులో మార్కులు తగ్గితే ఆ రోజంతా అన్నం సహించకపోవడం మీ బలహీనత కాదమ్మా. మనసు తీరే అంత.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చిన్న సంతోషాలు ఉద్యోగానికి బదులు కావు. నిరుద్యోగంలో ఉన్న పిల్లలకి "ఉన్నదాంతో తృప్తి పడండి" అని చెప్పడం నాకు ఇష్టం లేదు. నోటిఫికేషన్లు టైముకి రావాలి, ఖాళీలు నింపాలి. అది అడగాల్సిందే. నేను చెప్పేది ఈలోగా గడిచే రోజుల గురించి.

పొద్దున్నే ఒక్క పని పేరు పెట్టుకోండి. "బాగా చదవాలి" అనుకుంటే అది ఎప్పటికీ అయిపోదు, ఎంత చదివినా మిగిలే ఉంటుంది. "శాతవాహనుల పాఠం, దాని మీద ముప్పై బిట్లు" అనుకోండి. సాయంత్రానికి అయిందో లేదో తేలిపోతుంది. పరిగెత్తేవాళ్లయితే 1600 మీటర్లకి ఎంత పట్టిందో నిమిషాలు, సెకన్లతో రాసిపెట్టుకోండి. రెండు సెకన్లు తగ్గినా ఆ రోజు మీదే. వారం పదిరోజులకోసారి మెట్టు కాస్త పెంచండి. ఎందుకంటే మెదడు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ దొరికినప్పుడే పొంగుతుంది. మెదడు మీద పరిశోధన చేసే వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం చుక్కలిచ్చి చేసిన ప్రయోగాల్లో, ముందే తెలిసిపోయిన రసం అందినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు పెద్దగా ఉలకలేదు. రోజూ అవే ముప్పై బిట్లయితే మీకూ విసుగే.

అమ్మానాన్నలు కూడా వింటున్నారనుకుంటున్నాను. మీ కష్టం తెలుసు. ఫీజు కట్టడానికి ఏం తాకట్టు పెట్టారో కూడా చాలా ఇళ్లల్లో తెలుసు. రాత్రి అన్నం వడ్డించినప్పుడు ఉద్యోగం మాట కాసేపు పక్కన పెట్టండి. "ఇవాళ ఏటి చదివినావమ్మా?" అని అడగండి. శాతవాహనుల గురించి చెప్తుంది. మీకు సగం అర్థం కాకపోయినా సరే, టీవీ కట్టేసి, చెప్పడం అయ్యేదాకా వినండి.