సైకాలజీ రివిజన్ కిట్ రివ్యూ: పెట్టె బాగుంది, కార్డుల మీది బొమ్మలే బాగోలేవు

ప్రేక్షకులకు నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు నా ముందున్నది ప్లస్ టూ సైకాలజీ విద్యార్థుల కోసం తయారైన ఒక రివిజన్ కిట్. పేరు, ధర, కార్డుల సంఖ్య తెరమీద ఉన్నాయి. మీలో చాలామంది వాటిని ఇప్పటికే చూసి ఉంటారు కనుక చదివి వినిపించను. ప్రచురణకర్తలు దీనిని నాకు ఉచితంగా పంపారు. ఈ వీడియోకు డబ్బు తీసుకోలేదు, విడుదలకు ముందు వారికి చూపించనూ లేదు.

ఇందులో రంగుల నోట్సు పుస్తకం, ప్రశ్నల కార్డులు, ఆ కార్డులు పెట్టుకోవడానికి ఐదు అరల అట్టపెట్టె ఉన్నాయి. యాప్ కూడా ఇచ్చారు గానీ, నెట్ లేకపోతే అది తెరుచుకోదు. గుణుపురం దాటి లోపలి ఊళ్లకు వెళ్లే విద్యార్థికి ఆ ఒక్క మాట చాలు.

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది పెట్టె గురించి. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970ల ప్రారంభంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కొత్త కార్డులన్నీ మొదటి అరలో మొదలవుతాయి. జవాబు సరిగా చెప్పిన కార్డు తరువాతి అరలోకి వెళుతుంది, తప్పు చెప్పిన కార్డు ఎంత దూరం వెళ్లినా తిరిగి మొదటి అరకే వస్తుంది. వెనుక అరలను అరుదుగా, ముందు అరలను తరచుగా తిరగేస్తారు కనుక, వచ్చిన పాఠాన్నే పదేపదే చదివి సంతోషపడే అవకాశం విద్యార్థికి ఉండదు. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాల ఫలితాలను ప్రచురించినప్పుడు, అర్థంలేని అక్షరాలను నేర్చుకున్న తరువాత మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగి, ఆపై నెమ్మదిస్తుందని తేలింది. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఆ మరపు వక్రరేఖను ఈ పెట్టె కళ్లముందు పనిచేయించి చూపిస్తుంది. లోపం ఒక్కటే: అరలన్నీ ఒకే వెడల్పులో ఉన్నాయి. మొదటి అర ఇరుకుగా ఉంటే అది నిండిన వెంటనే పని పేరుకుపోతోందని తెలిసేది; ఇందులో అది ఎన్ని కార్డులనైనా మింగేస్తుంది.

ఇక కార్డులు. పెట్టెను ఇంత బాగా ఆలోచించినవారే వీటినీ తయారుచేశారంటే నమ్మడం కష్టంగా ఉంది. దాదాపు ప్రతి కార్డు ముందువైపు, ప్రశ్న పక్కనే, ఒక బొమ్మ వేశారు. శాస్త్రీయ నిబంధన (ఒక శబ్దం వినగానే కుక్కకు లాలాజలం ఊరేలా పావ్లోవ్ అలవాటు చేసిన తీరు) కార్డు మీద కుక్క, మనస్తత్వవేత్త స్కిన్నర్ కార్డు మీద ఎలుక, అంతర్దృష్టి అభ్యసనం కార్డు మీద అరటిపండు కోసం పెట్టెలు పేర్చుతున్న చింపాంజీ. ప్రశ్న చదవకుండానే జవాబు చెప్పవచ్చు. పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతున్న మా మేనకోడలికి కొన్నాళ్లు వాడమని ఇచ్చాను. "మామయ్యా, కుక్క కనబడగానే పావ్లోవ్ అనేస్తున్నాను, ప్రశ్న ఏమిటో చూడటం లేదు" అంది. ఆమె కార్డులన్నీ చకచకా చివరి అరకు చేరాయి. తరువాత అదే ప్రశ్నను తెల్లకాగితం మీద రాసి ఇస్తే, నిబంధిత ఉద్దీపన ఏది, నిబంధిత ప్రతిస్పందన ఏది అన్న దగ్గర ఆగిపోయింది.

నాకు చికాకు కలిగించేది ఏమిటంటే, గుర్తుపట్టడం వేరు, జ్ఞప్తికి తెచ్చుకోవడం వేరు అని చెప్పే శాస్త్రం సైకాలజీయే. రాత పరీక్షలో కుక్క బొమ్మ ఉండదు. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టినప్పుడు మాత్రం, మళ్లీ చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారే ఎక్కువ చెప్పగలిగారు. జవాబు కోసం మనసు పడే ఆ కాస్త శ్రమే పని చేస్తుంది. ఈ బొమ్మలు సరిగ్గా ఆ శ్రమనే తీసేస్తున్నాయి. పిల్లల ఆలోచన ఎదిగే తీరుకు పియాజే చెప్పిన నాలుగు దశలకు నాలుగు రంగులు వేయడం కూడా అలాంటిదే: పసుపు కనబడితే పూర్వ ప్రచాలక దశ అని చెప్పే విద్యార్థిని, అయిదేళ్ల పిల్లవాడు పొడవాటి గ్లాసులోనే నీళ్లు ఎక్కువని ఎందుకు అంటాడు అని అడిగితే రంగు సాయం చేయదు.

బొమ్మలు లేని కార్డులు కొన్ని ఉన్నాయి, అవి నిజంగా బాగున్నాయి. రుణాత్మక పునర్బలనానికీ (ఇబ్బంది తొలగడం వల్ల ఒక ప్రవర్తన బలపడటానికీ) దండనకూ తేడా అడిగే కార్డు నాకు అన్నిటికంటే నచ్చింది. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో మోత ఆగిపోవడం ఏ కోవకు వస్తుందని అడిగి ఊరుకున్నారు. ఏటా విద్యార్థులు తడబడే చోటు ఇదే, జవాబు పట్టించే ఆనవాలు కార్డు మీద ఎక్కడా లేదు. ఇలాంటివే మరిన్ని ఉంటే ఈ సమీక్ష స్వరం వేరుగా ఉండేది.

ప్రజ్ఞ అధ్యాయంలో, తెలివితేటలను నాలుగు ప్రక్రియలుగా వివరించే పాస్ (PASS) నమూనా కార్డు చూసి మాత్రం నొచ్చుకున్నాను. ప్రణాళిక, అవధానం, ఏకకాలిక ప్రక్రియ, అనుక్రమ ప్రక్రియ అని నాలుగూ రాశారు; దానిని రూపొందించినవారిలో మొదటివారైన జె.పి. దాస్ పేరు లేదు. ఆయన ఒడిశాలో పుట్టినవారు. మన జిల్లాల విద్యార్థికి ఇంత దగ్గరి పేరు పాఠ్యాంశంలో మరొకటి దొరకదు, పరీక్షలోనూ ఆ పేరు రాయాలి.

నోట్సు పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. ముఖ్యమైన వాక్యాలకు ముందే రంగు పూసి ఇచ్చారు. మనస్తత్వవేత్త డన్‌లాస్కీ బృందం 2013లో పది అభ్యసన పద్ధతులను బేరీజు వేసినప్పుడు గీతలు గీయడాన్నీ మళ్లీ చదవడాన్నీ తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో, స్వయంగా పరీక్షించుకోవడాన్నీ విరామాలిచ్చి చదవడాన్నీ ఎక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేర్చింది. పైగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది. సీబీఎస్ఈలో రాతకు 70, ప్రాక్టికల్‌కు 30 మార్కులు. ఆ 30 మార్కుల ఊసు ఈ కిట్‌లో ఎక్కడా లేదు.

ఇంతకు ముందు నేను వాడినది అంకి (Anki) అనే ప్రశ్నల కార్డుల యాప్. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది, ఏ కార్డు ఎప్పుడు చూడాలో తానే లెక్క కడుతుంది. అయితే ఫోన్ చేతిలో ఉంటే చదువు ఎంతసేపు సాగుతుందో మీకూ తెలుసు, అందుకే అట్టపెట్టె మీద నాకు ఇంత మమకారం.

కనుక నా తీర్పు ఇది. పెట్టెను విడిగా అమ్మితే వెంటనే కొనమంటాను, కిట్ మొత్తాన్ని మాత్రం కొనమనను. ఇప్పటికే కొన్నవారు బొమ్మల మీద తెల్లకాగితం అంటించండి, అధ్యాయాల వరుస చెదిరిపోయేలా కార్డులను కలపండి, ఖాళీ కార్డుల మీద పాత ప్రశ్నపత్రాల నుంచి ప్రశ్నలు రాసుకోండి. మొదటి భాషగా తెలుగు ఎంచుకుని ఒటెట్ (ఒడిశా ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాస్తున్న రాయగడ, గజపతి జిల్లాల అభ్యర్థులు కొందరు ఇది తమకు పనికొస్తుందా అని అడిగారు. శిశు వికాసం, బోధనాశాస్త్రం విభాగంలో వచ్చే 30 ప్రశ్నలలో తరగతి గదిలోని సన్నివేశం ఇచ్చి ఉపాధ్యాయుడు ఏమి చేయాలని అడిగేవి ఉంటాయి, అలాంటి కార్డు ఇందులో ఒక్కటీ లేదు. మీరు కొనవద్దు.