సిగ్నల్ పోయినా దారి చూపేది ఏది? తిరుపతి దారుల్లో మూడు మ్యాప్ యాప్‌లు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ట్యాక్సీ తోలే తమ్ముళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఇన్ని మ్యాపులు ఉండాయి కదా, ఏది మంచిదో ఒక్కటి చెప్పు." ఈరోజు గూగుల్ మ్యాప్స్, మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపల్స్, ఆర్గానిక్ మ్యాప్స్, ఈ మూడింటి సంగతి మన దారుల మీదే పెట్టి చూద్దాం.

ముందు ఒక అపోహ తీసేయాలి. "ఈ యాప్‌లో జీపీఎస్ కరెక్టు, దాంట్లో తప్పు" అంటుంటారు. మనం ఎక్కడున్నామో పట్టేది యాప్ కాదండీ, ఫోన్ లోపలి చిప్పు. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని అది లెక్క కడుతుంది. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, కొన్ని కొత్త ఫోన్లలో మన నావిక్ కూడా పనిచేస్తాయి. ఆ నావిక్ వరుసలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న లేచింది శ్రీహరికోట నుంచే, ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఈ లెక్కకి నెట్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాపు తెరుచుకోవడానికి, ట్రాఫిక్ తెలుసుకోవడానికి. కాబట్టి ఒకే ఫోన్‌లో మూడు యాప్‌లు పెట్టినా మూడింటికీ అందే చుక్క ఒకటే. తేడా అంతా ఆ చుక్కని ఏ రోడ్డు మీద పెడతాయి, మనకి ఎప్పుడు చెప్తాయి అన్న దాంట్లోనే.

ఊర్లో తిరగడానికి గూగుల్‌ని మించింది లేదు, ఇది ఖచ్చితంగా చెప్తాను. రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగం చూసి అది రద్దీ అంచనా వేస్తుంది. తిరుపతిలో యాత్రికుల ఫోన్లకి కొదవ లేదు కాబట్టి లీలామహల్ సర్కిల్‌లో బండ్లు ఆగాయంటే నిమిషాల్లో ఎర్రగీత పడుతుంది. అంగడి పేరు సగం కొట్టినా వెతికి పెడుతుంది, తెలుగులో చెప్తుంది. బైకులకి వేరే దారి చూపించే పద్ధతిని 2017 డిసెంబర్‌లో మొట్టమొదట తెచ్చింది మన దేశంలోనే.

కానీ ఫోన్ల వేగం చూసి రద్దీ చెప్పే ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. గట్టి వాన పడి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయనుకోండి. అటు ఎవరూ పోరు. ఫోన్లు లేవు, కాబట్టి నెమ్మదిగా కదిలే బండ్లూ లేవు. ఎవరో ఒకరు రోడ్డు మూసేశారని తెలిపేదాకా మ్యాపుకి ఆ నీళ్లు కనపడవు. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, ముందు భాగం వరదకి కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు నావిగేషన్ చూసుకుంటూ వెళ్తున్నారని అప్పట్లో పోలీసులు చెప్పారు. వానాకాలం రాత్రిపూట తెలియని దారిలో స్క్రీన్ చెప్పినా సరే, బండి ఆపి ఊరివాళ్లని అడగండి, దయచేసి.

ఇప్పుడు శ్రీనివాస సేతు. పైన వంతెన, కింద రోడ్డు, రెండూ ఒకదాని మీద ఒకటి. అక్షాంశం, రేఖాంశం రెండింటికీ ఒకటే. ఎత్తుని ఫోన్ అంత నమ్మకంగా పట్టలేదు. మీరు పైన పోతుంటే, కింద ఉన్నారనుకుని "కుడి వైపు తిరగండి" అంటుంది, తిరగడానికి అక్కడ గోడే ఉంటుంది. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే ఎక్కే చోట. ఎక్కాలా వద్దా అన్నది ముందే తెలియాలి. ఇక్కడ మ్యాపల్స్ ఆలోచన నాకు బాగా నచ్చింది. పెద్ద జంక్షన్లలో ఫ్లైఓవర్ బొమ్మ వేసి, ఏ లేన్ పట్టుకోవాలో బాణం గుర్తుతో చూపిస్తుంది. స్పీడ్ బ్రేకర్లూ ముందే చెప్తుంది. చెన్నై, బెంగళూరు పోయేవాళ్లు హైవే మీద ఇది పెట్టుకోండి.

తిరుమల ఘాట్ రోడ్డు సంగతి ఇంకో రకం. ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్, రెండూ వన్‌వే. ఆకాశం బాగా కనపడే చోట మంచి ఫోన్ తప్పు సుమారు 5 మీటర్లు. కొండని ఆనుకుని పోతుంటే సగం ఆకాశం మూసుకుపోతుంది, కొన్ని సంకేతాలు బండకి తగిలి ఆలస్యంగా వస్తాయి, తప్పు పెరుగుతుంది. మలుపు దగ్గర పై రోడ్డూ కింది రోడ్డూ పక్కపక్కనే కదా, చుక్క ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకేస్తుంది. వెంటనే "దారి మారుస్తున్నాం" అంటుంది. కంగారు పడొద్దు. ఏ యాప్ అయినా ఇంతే. అక్కడ గమ్మున రోడ్డు చూసుకుని పోవడమే.

భాకరాపేట ఘాట్, తలకోన అడవి వైపు పోతే మాత్రం యాప్ తేడా బాగా తెలుస్తుంది. నెట్ పోయాక మ్యాపు ముందే దించుకోకపోతే, తెల్లటి తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది. గూగుల్‌లో కూడా ప్రాంతాన్ని దించుకోవచ్చు, కానీ నెట్ లేనప్పుడు కారు దారి చూపిస్తుంది గానీ నడక దారి చూపించదు. ఆర్గానిక్ మ్యాప్స్ మొదటి నుంచీ నెట్ లేకుండా నడిచేటట్టే కట్టిన యాప్. ప్రకటనలు లేవు, మనం ఎక్కడ తిరిగామో రాసిపెట్టుకోదు. మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, 2004లో మొదలైన ప్రాజెక్టు, మనలాంటి వాళ్లే గీస్తారు. అందుకని ఎవరో ఒకరు తిరిగి గీసిన చోట కాలిబాట కూడా ఉంటుంది, ఎవరూ గీయని పల్లెలో వీధే ఉండదు. దీంట్లో ట్రాఫిక్ రంగులు రావు, ఇంటి నంబర్ వెతికితే దొరకడం కష్టం. అయినా సరే, కొండ దారుల్లో నేను దీన్నే నమ్ముతాను.

కాబట్టి, తమ్ముడూ, ఒక్కటే చెప్పమంటే కుదరదు. రెండు చెప్తాను. ఊర్లో గూగుల్, పక్కన ఆర్గానిక్ మ్యాప్స్. హైవే బేరాలు ఎక్కువైతే మ్యాపల్స్ కూడా వేసుకో.

ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఆంధ్రప్రదేశ్ మ్యాపు దించుకోండి. మన ఎల్లలు దాటితే తమిళనాడు, కర్ణాటక కాబట్టి అవి కూడా. తర్వాత మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, ఇంటి నుంచి తలకోనకి దారి అడిగి చూడండి. గీత చివరిదాకా పడితే మీ ఫోన్ సిద్ధంగా ఉన్నట్టు. పడలేదంటే ఎక్కడ తెగిందో కింద రాయండి, ఏం చేయాలో చెప్తాను.