షుగర్ పేషెంటు రిపోర్టులో ఎల్‌డీఎల్: కొలిచినదా, లెక్కగట్టినదా?

ల్యాబ్ టెక్నీషియన్ మిత్రులకు, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) విద్యార్థులకు నమస్కారం.

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే డాక్టరుగారు ముందు చూసేది ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా, డోసు పెంచాలా అన్నది ఎక్కువగా ఆ అంకె మీదే ఆధారపడుతుంది. షుగర్‌తోపాటు గుండెజబ్బు కూడా ఉన్నవారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని ఇప్పటి మార్గదర్శకాలు అంటున్నాయి (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). ఇంత బరువు మోసే అంకెను మన చిన్న, మధ్యతరహా ల్యాబుల్లో చాలావరకు ఎవరూ కొలవరు. టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) కొలుస్తాం, వాటి నుంచి ఎల్‌డీఎల్‌ను లెక్కగడతాం. మూడింటిలో ఎక్కడ తప్పు జరిగినా ఆ తప్పంతా వచ్చి ఎల్‌డీఎల్‌లో పడుతుంది. షుగర్ ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

లెక్క అందరికీ తెలిసిందే. టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి అదీ తీసేయాలి, మిగిలింది ఎల్‌డీఎల్. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ 448 మంది రక్త నమూనాల ఆధారంగా ఇచ్చిన సూత్రం ఇది. అప్పట్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి తిప్పాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించిన సూత్రం కాబట్టే ప్రపంచమంతా వాడింది. దాని వెనక ఒక ఊహ ఉంది: పరగడుపు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు దాదాపు అన్నీ వీఎల్‌డీఎల్ అనే కొవ్వు మోసే కణాల్లోనే ఉంటాయి, ఆ కణాల్లో ప్రతి 5 మిల్లీగ్రాముల ట్రైగ్లిజరైడ్‌కు 1 మిల్లీగ్రాము కొలెస్ట్రాల్ ఉంటుంది.

షుగర్ ఉన్నవారిలో ఈ ఊహ నిలబడదు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కొవ్వు కణజాలం నుంచి ఫ్యాటీ ఆమ్లాలు కాలేయానికి వరదలా వస్తాయి. కాలేయం వాటితో పెద్ద పెద్ద వీఎల్‌డీఎల్ కణాలు తయారుచేస్తుంది. వాటిలో ట్రైగ్లిజరైడ్ ఎక్కువ, కొలెస్ట్రాల్ తక్కువ. నిష్పత్తి 5 దగ్గర ఆగకుండా 6కో 7కో పోతుంది. మనం మాత్రం 5తోనే భాగిస్తాం. అంటే తీసేయాల్సినదానికంటే ఎక్కువ తీసేస్తున్నాం, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువ వస్తోంది.

ఒక రిపోర్టు తీసుకుందాం. టోటల్ 190, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్లు 350. పాత సూత్రం ప్రకారం 190లోంచి 35, 70 తీస్తే ఎల్‌డీఎల్ 85. ఇవే అంకెలను 2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రచురించిన శాంప్సన్ సూత్రంలో పెడితే 96 వస్తుంది. మనిషీ అదే, రక్తమూ అదే, తేడా మాత్రం 11. శాంప్సన్ సూత్రం ట్రైగ్లిజరైడ్లు 800 దాకా పనికొస్తుంది. 2013లో వచ్చిన మార్టిన్-హాప్కిన్స్ పద్ధతి ఇంకో దారి పట్టింది. అందరికీ 5 అనే భాజకం పెట్టకుండా, ఆ మనిషి ట్రైగ్లిజరైడ్లు, నాన్-హెచ్‌డీఎల్ (టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది) ఎంతో చూసి 180 గళ్ల పట్టికలోంచి తగిన భాజకాన్ని ఎంచుకుంటుంది. రెండూ కంప్యూటర్‌లో ఒకసారి పెట్టుకుంటే చాలు, కిట్ ఖర్చేమీ లేదు. ఇంకా 1972 సూత్రాన్నే పట్టుకుని ఉండడానికి నాకు సరైన కారణం కనిపించదు. దాన్నే వాడితే ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు ఎల్‌డీఎల్ అంకె వేయనే కూడదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది కదా అని మైనస్ అంకెలు కూడా ప్రింటయిపోయే ప్రమాదం ఉంది.

అయితే ఎంత మంచి సూత్రమైనా మనం పెట్టిన అంకెలతోనే లెక్క చేస్తుంది. కాబట్టి బెంచ్ దగ్గరికి వద్దాం.

కొలెస్ట్రాల్‌కు ఇప్పుడందరూ వాడేది చాడ్-ప్యాప్ ఎంజైమ్ పద్ధతి. 1974లో అలెయిన్ బృందం ప్రచురించాక, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే లీబర్‌మన్-బుర్కార్డ్, జాక్ పద్ధతులు మెల్లగా వెనకబడ్డాయి. కొలెస్ట్రాల్ ఎస్టరేజ్ ముందుగా ఎస్టర్లను విడగొడుతుంది, కొలెస్ట్రాల్ ఆక్సిడేజ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. పెరాక్సిడేజ్ సాయంతో ఆ పెరాక్సైడ్ ఫినాల్, 4-అమినోయాంటీపైరిన్‌లతో కలిసి గులాబీ రంగు ఇస్తుంది. 10 మైక్రోలీటర్ల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), 1 మిల్లీలీటర్ రియేజెంట్, 37 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు, 505 నానోమీటర్ల దగ్గర రీడింగ్. స్టాండర్డ్ (విలువ ముందే తెలిసిన ద్రావణం) 200. స్టాండర్డ్ ఓడీ (రంగు చిక్కదనం రీడింగ్) 0.320, శాంపిల్ ఓడీ 0.304 అయితే ఫలితం 190.

ఇంత తేలికైన పరీక్షలో తప్పు ఎక్కడ జరుగుతుంది? మొట్టమొదట ఆ 10 మైక్రోలీటర్ల దగ్గర. సీరంలో పిపెట్ టిప్‌ను లోతుగా ముంచి తీస్తే బయటి గోడకు సన్నటి పొర అంటుకుని వస్తుంది. తుడవకుండా రియేజెంట్‌లో పెడితే అదీ లోపలికి పోతుంది. ఆ పొర అర మైక్రోలీటరే అనుకోండి, 10లో అది 5 శాతం. 190 కాస్తా 200 అవుతుంది. ఇందాకటి రిపోర్టులో హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు మారకుండా ఇదొక్కటే మారితే ఎల్‌డీఎల్ 85 నుంచి 95కు పోతుంది. టోటల్‌లో 5 శాతం తప్పు ఎల్‌డీఎల్‌లో 12 శాతం అయింది. టిప్ కొస 2, 3 మిల్లీమీటర్లే ముంచండి, ట్యూబ్ అంచుకు తాకించి లేదా టిష్యూతో పక్కలు తుడిచి తీయండి, రియేజెంట్‌లో రెండుసార్లు పైకీ కిందకీ లాగి వదలండి. పాలలాంటి సీరం చిక్కగా ఉంటుంది, దాన్ని నిదానంగా లాగాలి.

రెండో తప్పు కంటికి కనిపించదు, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. సీరంలోని కొలెస్ట్రాల్‌లో సుమారు 70 శాతం ఎస్టర్ రూపంలో ఉంటుంది. కిట్‌తో వచ్చే స్టాండర్డ్‌లో మాత్రం సాధారణంగా ఉండేది విడి కొలెస్ట్రాల్. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కి, రియేజెంట్‌లోని ఎస్టరేజ్ బలహీనపడిందనుకోండి. స్టాండర్డ్‌కు ఎస్టరేజ్‌తో పనే లేదు కాబట్టి దాని ఓడీ ఎప్పటిలాగే వస్తుంది. పేషెంటు సీరంలో మాత్రం ఎస్టర్లు పూర్తిగా విడిపోవు, ఫలితం తగ్గుతుంది. స్టాండర్డ్ బాగుంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, ఆ రోజు శాంపిళ్లన్నీ తక్కువగానే పోతుంటాయి. దీన్ని పట్టిచ్చేది కంట్రోల్ సీరం (విలువ ముందే తెలిసిన, పేషెంటు సీరం లాంటి నమూనా) ఒక్కటే. ఖర్చని కంట్రోల్ మానేసి స్టాండర్డ్‌తోనే నెట్టుకొచ్చే ల్యాబ్‌కు ఈ తప్పు ఎప్పటికీ తెలియదు. రోజూ రెండు స్థాయిల కంట్రోల్ పెట్టండి. అంకెను పుస్తకంలో రాసి వదిలేయకుండా చార్టు మీద చుక్క పెట్టండి, వరసగా నాలుగైదు చుక్కలు ఒకే వైపు జారుతుంటే ఆ రియేజెంట్ పక్కన పెట్టండి. వేలూరు సీఎంసీ వాళ్లు నడిపే బయటి నాణ్యతా పరీక్షలో చేరితే మీ కంట్రోల్ కూడా పట్టని తేడాలు బయటపడతాయి. కొలెస్ట్రాల్‌కు మొత్తం తప్పు 9 శాతం లోపు, ట్రైగ్లిజరైడ్లకు 15 శాతం లోపు ఉండాలన్నది అమెరికా జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం పెట్టిన హద్దు. సెమీ ఆటో అనలైజర్ మీద కూడా అది సాధ్యమే.

ట్రైగ్లిజరైడ్ల విషయంలో షుగర్ వాళ్లకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది. ట్రైగ్లిజరైడ్లకు వాడే జీపీఓ పద్ధతిలో లైపేజ్ అనే ఎంజైమ్ ట్రైగ్లిజరైడ్‌ను విడగొట్టి గ్లిసరాల్ బయటికి తీస్తుంది, మనం నిజానికి కొలిచేది ఆ గ్లిసరాల్‌నే. షుగర్ అదుపు తప్పినవారిలో కొవ్వు కరిగి విడి గ్లిసరాల్ ముందే రక్తంలో తిరుగుతుంటుంది. కిట్‌కు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, రెండూ కలిపి ట్రైగ్లిజరైడ్లుగా చూపిస్తుంది. దాంతో ట్రైగ్లిజరైడ్లు పెరిగి, లెక్కగట్టిన ఎల్‌డీఎల్ ఇంకా తగ్గుతుంది. రెండు రియేజెంట్లుండి, మొదటిది విడి గ్లిసరాల్‌ను ముందే తినేసే కిట్లు ఉన్నాయి, అవి మేలు. అవి లేకపోతే మన కళ్లే సాధనం. ట్రైగ్లిజరైడ్లు 600 ఉన్న సీరం మబ్బుగా ఉండాలి. నీళ్లలా తేటగా ఉన్న సీరం 600 చూపిస్తే గ్లిసరాల్‌ను అనుమానించండి. చేతులకు రాసుకున్న గ్లిజరిన్ క్రీము టిప్‌కు అంటినా ఇదే జరుగుతుంది.

హెచ్‌డీఎల్‌ను ఇంకా అవక్షేప పద్ధతిలో (మిగతా కణాలను అడుగుకు దించి, పైతేటలో హెచ్‌డీఎల్‌ను కొలవడం) చేసే ల్యాబులు మన జిల్లాల్లో ఉన్నాయి. 200 మైక్రోలీటర్ల సీరం, 500 మైక్రోలీటర్ల ఫాస్ఫోటంగ్‌స్టేట్-మెగ్నీషియం, 10 నిమిషాలు ఉంచి, 4000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పాలి. మొత్తం 700 అయింది కాబట్టి పలుచన 3.5 రెట్లు. కిట్ లెక్కలో అది ముందే కలిసి ఉందో లేదో చూసుకోవాలి, రెండుసార్లు గుణించే పొరపాటు తరచూ జరుగుతుంది. తిప్పాక పైతేట అద్దంలా ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న సీరంలో అవక్షేపం తేలికగా ఉండి అడుగుకు దిగదు, పైన తేలుతుంది లేదా తేటలో మబ్బులా మిగిలిపోతుంది. దాన్నే కొలిస్తే వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్‌లలోని కొలెస్ట్రాల్ కూడా హెచ్‌డీఎల్ ఖాతాలో పడుతుంది. 35 ఉండాల్సింది 45 వస్తుంది, ఎల్‌డీఎల్ 10 తగ్గుతుంది. షుగర్ వాళ్లలో హెచ్‌డీఎల్ తక్కువగా ఉండడమే మామూలు. ట్రైగ్లిజరైడ్లు 400, హెచ్‌డీఎల్ 55 అని రిపోర్టు వచ్చిందంటే ఆ ట్యూబ్ మళ్లీ చూడండి. సీరాన్ని సమానమైన నార్మల్ సెలైన్‌తో పలుచన చేసి, మళ్లీ అవక్షేపం చేసి, ఫలితాన్ని 2తో గుణించండి. అవక్షేపం అవసరం లేని డైరెక్ట్ కిట్లు పని తేలిక చేశాయి. కానీ ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినప్పుడు ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో అంకె ఇస్తుంది. డైరెక్ట్ ఎల్‌డీఎల్‌కూ ఇదే మాట.

ఇక శాంపిల్ తీయడం. షుగర్ పరీక్షకు గ్రే ట్యూబ్ తీస్తాం, దాంట్లోని ప్లాస్మాతోనే కొలెస్ట్రాల్ చేసేద్దామనిపిస్తుంది. చేయకండి. ఫ్లోరైడ్-ఆక్సలేట్ ఎర్ర కణాల్లోని నీటిని బయటికి లాగి ప్లాస్మాను పలుచన చేస్తుంది, కొలెస్ట్రాల్ తక్కువ వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ ట్యూబ్‌లో కూడా సుమారు 3 శాతం తగ్గుతుంది. సీరం ట్యూబ్ వేరుగా తీయాలి, అరగంట గడ్డకట్టనివ్వాలి. టోర్నికెట్ నిమిషం దాటి ఉంచితే, పడుకుని ఉన్న మనిషిని లేపి వెంటనే రక్తం తీస్తే అంకెలు మారతాయి. 5 నుంచి 10 నిమిషాలు కూర్చోబెట్టి తీయండి.

పరగడుపు తప్పనిసరి అని ఇన్సులిన్ తీసుకునేవారిని, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారిని పొద్దున పది గంటల దాకా బెంచీ మీద ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం అపాయం, షుగర్ పడిపోతుంది. మామూలు లిపిడ్ పరీక్షకు పరగడుపు అక్కర్లేదని 2016లో యూరప్ నిపుణుల సంఘాలు తేల్చాయి. ఇడ్లీ తిన్నాక తీసినా పరవాలేదు, తిన్న సమయం రాసుకోండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అప్పుడు పరగడుపున మళ్లీ తీద్దాం. అలాంటివారికి రేపటి లైన్‌లో ముందు నంబరు ఇవ్వండి. పాలూ చక్కెరా వేసిన టీ తాగి పరగడుపేనంటారు చాలామంది, కాబట్టి "ఏమైనా తిన్నారా?" అని కాకుండా "ఏమైనా తిన్నారా, తాగారా?" అని అడగాలి.

మందుల సంగతీ అడగాలి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారికి కొందరు డాక్టర్లు కాల్షియం డోబెసిలేట్ రాస్తారు. పెరాక్సైడ్‌తో రంగు పుట్టించే పరీక్షలన్నింటికీ ఆ మందు అడ్డుపడుతుంది. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, యూరిక్ యాసిడ్, ఎంజైమ్ పద్ధతి క్రియాటినిన్ అన్నీ తక్కువగా వస్తాయి. కిడ్నీ దెబ్బతింటున్న షుగర్ పేషెంటుకు క్రియాటినిన్ బాగుందని రిపోర్టు వెళ్తే ఎంత నష్టమో ఆలోచించండి. ఎక్కువ మోతాదు విటమిన్ సి కూడా ఇలాగే పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. పొద్దుటి మాత్రకు ముందు శాంపిల్ తీయడం మంచిది.

రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన "లెక్కగట్టినది" అనీ, ఏ సూత్రమో, శాంపిల్ పరగడుపునా కాదా అనీ రాయండి. దాని కిందే నాన్-హెచ్‌డీఎల్ తప్పకుండా వేయండి. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే అదే నాన్-హెచ్‌డీఎల్. దానికి ట్రైగ్లిజరైడ్లతో పనిలేదు, పరగడుపుతో పనిలేదు. ఇందాకటి రిపోర్టులో 85 చూసి డాక్టరుగారు కాస్త స్థిమితపడవచ్చు, పక్కనే 155 కనిపిస్తే ఆగుతారు. నాన్-హెచ్‌డీఎల్ లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 ఎక్కువ. యంత్రం ఉన్న పెద్ద ల్యాబుల్లో అపోబీ అనే ప్రోటీన్ పరీక్ష ఇంకా మెరుగు. ఒక్కో ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ కణానికి ఒక్క అపోబీయే ఉంటుంది కాబట్టి, షుగర్ వాళ్లలో కనిపించే చిన్న, చిక్కటి ఎల్‌డీఎల్ కణాలు కూడా లెక్కలోకి వస్తాయి.

చివరిగా పాలలాంటి సీరం. లీనియారిటీ (కిట్ సరిగా కొలవగల పై హద్దు) దాటితే సెలైన్‌తో పలుచన చేసి మళ్లీ కొలవండి, యంత్రం ఇచ్చిన పై హద్దు అంకెను ఫలితంగా రాయకండి. అదే శాంపిల్‌లో సోడియం కూడా తక్కువ చూపించవచ్చు, ఆ విషయం రిపోర్టులో రాయాలి. కొంచెం సీరం నిలువు ట్యూబ్‌లో పోసి రాత్రంతా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. పొద్దుటికి పైన మీగడలా తేలితే అవి కైలోమైక్రాన్లు (తిన్న కొవ్వును మోసే కణాలు), అంతా ఒకేలా మబ్బుగా ఉంటే వీఎల్‌డీఎల్. కానీ ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే పొద్దుటి దాకా ఆగొద్దు. పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది కాబట్టి రిపోర్టు ప్రింటయ్యేలోపే డాక్టరుగారికి ఫోన్ చేసి అంకె చెప్పండి, చెప్పిన టైము రిజిస్టర్‌లో రాయండి.